వదినను కంప్యూటరు ముందు నుంచి లేపేసిన వేసవి

మొన్నామధ్య మా చిన్నకోడలికి అయిదో నెల పరీక్షల కోసం విజయవాడ వెళ్లాం. డాక్టరమ్మ అన్నీ చూసి, మందుల చీటీ రాసి, ఇంకేమైనా అడగాల్సింది ఉందా అన్నట్టు మా ఇద్దరి ముఖాలూ చూసింది. మా కోడలు ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేస్తుంది. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచిందంటే మళ్లీ మూసేది చీకటి పడ్డాకే, మధ్యలో అన్నం కూడా దాని ముందే. ఈ కాలం పిల్లలకు మనం ఏం చెప్పినా చాదస్తంగానే ఉంటుందని మూడు నెలలుగా నోరు కట్టుకుని కూర్చున్నదాన్ని, ఆ రోజు మాత్రం ఆగలేక, కడుపుతో ఉన్న పిల్ల రోజంతా అలా తెర ముందు కూర్చోవచ్చా అని అడిగేశాను. "దానివల్ల బిడ్డకేం కాదండీ. కదలకుండా కూర్చుంటేనే ఇబ్బంది, నడుము పట్టేస్తుంది, కాళ్లు వాస్తాయి. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యమనండి, చాలు" అందావిడ.

కోడలు నా వంక చూసి ముసిముసిగా నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఇంచుమించు ఇదే మాట ముప్పై అయిదేళ్ల క్రితం నూజివీడులో ఇంకో డాక్టరమ్మ నాతో చెప్పింది. అది మా వదినకు చేరవలసిన మాట. నేను విన్నాను, మింగేశాను, ఇన్నేళ్లూ అది నా దగ్గరే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో కోడలు ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను, ఆగిరిపల్లి దాటి రోడ్డుకు రెండు పక్కలా తోటలు మొదలయ్యేసరికి ఆమె చెప్పినవాటిలో ఒక్క ముక్క కూడా నాకు గుర్తు లేదు.

ఎనభైల చివర్లో మా ఊళ్లో కంప్యూటరంటే ఏమిటో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, కొత్తవాళ్లకు ఎంత చెప్పినా నమ్మరు. ఊరి బయట మామిడి రసం తీసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అందులో నేను హాజరు గుమస్తాని. రోజుకూలీ ఆడవాళ్లు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఏ పనిలో ఉన్నారు అని రేకుల షెడ్డులో కూర్చుని రాసుకునేదాన్ని. మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, ఆఫీసులో టైపిస్టు. విస్సన్నపేట పిల్ల, బడిపంతులు గారి కూతురు, టైపు హయ్యరు మంచి మార్కులతో పాసైన మనిషి, కాగితం వంక చూస్తూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ, తప్పు లేకుండా పేజీలకు పేజీలు కొట్టిపారేసేది. ఓ సంక్రాంతి వెళ్లాక యజమాని గారు కంప్యూటరు తెప్పిస్తే, దాని ముందు కూర్చోబెట్టడానికి ఇంకెవరి పేరూ తలుచుకోలేదు. పది రోజులు విజయవాడ పంపించి నేర్పించుకొచ్చారు.

దానికోసం ఒక గది కట్టారు. కిటికీలు మూసేసి, ఏసీ పెట్టి, గచ్చు మీద పచ్చటి తివాచీ పరిచారు. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. తెచ్చిన రోజున పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు కట్టి, దాని ఎదురుగానే కొబ్బరికాయ కొట్టబోతే, దాన్ని బిగించడానికొచ్చిన కుర్రాడు నీళ్లు పడతాయని రెండు చేతులూ అడ్డం పెట్టాడట. నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. వదిన అక్కడ చల్లగా కూర్చుని, పైట భుజం చుట్టూ కప్పుకుని, టకటకా కొడుతుంటే అద్దాల తలుపు అవతలినుంచి మేమందరం వంతులవారీగా చూసి వచ్చేవాళ్లం. నేను అందరికన్నా ఎక్కువసార్లు చూసేదాన్ని. ఇది ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనుకోవద్దు: ఆ కుర్చీ మీద నాకు ఆశ ఉండేది. రేకుల షెడ్డులో చెమటకు తడిసిన హాజరు పుస్తకం మీద సిరా అలుక్కుపోతుంటే, మనసంతా ఆ తివాచీ మీదే ఉండేది.

ఆ చలికాలంలోనే వదిన నెల తప్పింది. పెళ్లయిన అయిదేళ్లకు! మా అమ్మ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పి ఏడ్చింది, పాస్టరమ్మ గారు వదిన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఇంట్లో వదిన కాలు కింద పెట్టనిచ్చేవాళ్లం కాదు. మా అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అలాంటివాడు రోజూ పొద్దున్నే వదినను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, గతుకులున్నచోట దిగి నడిపించుకుంటూ ఫ్యాక్టరీ గేటు దాకా దింపి వెళ్లేవాడు.

నాలుగో నెల వచ్చాక, ఒక ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకంలో నేనొక ముక్క చదివాను. ఎక్కడో విదేశాల్లో కంప్యూటరు తెరల ముందు పనిచేసే ఆడవాళ్లు, దానిలోంచి వచ్చే కిరణాల వల్ల కడుపులో బిడ్డకు హాని జరుగుతుందేమోనని భయపడుతున్నారట. చిన్న వార్త, నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. వంటింట్లో అమ్మకు పైకి చదివి వినిపించాను. చివర్లో, ఇది నిజమని ఇంకా ఎవరూ తేల్చలేదు అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి అమ్మ చేతిలో గరిట కింద పడిపోయింది, నేనా వాక్యం చదవలేదు. అమ్మ కంగారు చూసి ఆపేశానో, చదవకుండా ఉంటే బాగుండుననుకుని ఆపేశానో, ఎంత తరిచి చూసుకున్నా నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఇక చూడండి మా ఇంట్లో సంబరం. గ్రహణాలూ శకునాలూ మేం పట్టించుకోం, పాస్టరు గారు ఒప్పుకోరు అని వీధిలో గొప్పగా చెప్పుకునే మా అమ్మ, వారం తిరగకుండా కంప్యూటరు కిరణాల మీద ఊరందరి సలహాలూ పోగు చేసింది. ఒకావిడ తడిగుడ్డ కప్పమంది. ఇంకొకావిడ కడుపు మీద దుప్పటి మూడు మడతలు వేసుకోమంది. మా అన్నయ్యకు వచ్చిన ఆలోచన మాత్రం వాళ్లెవరికీ రాలేదు. రెండేళ్ల క్రితం బస్సు కింద పని చేస్తూ కాలు విరగ్గొట్టుకున్నప్పుడు తీసిన ఎక్స్‌రే ఫిల్ము ఒకటి బీరువా మీద ఉండేది. కిరణాలను ఆపేందుకు కిరణాల కాగితమే కావాలని తేల్చి, దాన్ని తీసుకెళ్లి మేనేజరు గారిని బతిమాలి, కంప్యూటరు తెరకు అడ్డంగా అంటించి వచ్చాడు. మూడు రోజుల పాటు మా వదిన తన మొగుడి కాలి ఎముకలోంచి ఆకుపచ్చ అక్షరాలను వెతుక్కుంటూ పని చేసింది. ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది అప్పట్లో. నాలుగో రోజు మేనేజరు గారు ఆ ఫిల్ము పీకి పారేసి, "అంత భయంగా ఉంటే వేరే పని ఇస్తాలెండి, ఈ బొమ్మల కొలువు మాత్రం వద్దు" అన్నారు.

వదిన ఒప్పుకోలేదు. నాకేం కాదు, చల్లగా ఉంటోంది, కూర్చునే పని, కాన్పు దాకా చేస్తాను అంది. అమ్మ అన్నం మానేసింది. నేను పక్కన చేరి, అయిదేళ్లకు వచ్చిన బిడ్డ వదినా, ఓ నాలుగు నెలలు ఓర్చుకోలేవా అని రోజూ వాయించాను. ఆ వారమంతా నాకంటే ప్రేమగా మాట్లాడిన ఆడబిడ్డ నూజివీడు మొత్తం మీద ఉండి ఉండదు. చివరికి వదిన సరేనంది. ఆ కుర్చీ ఖాళీ అయితే ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వచ్చినప్పుడు, టైపు లోయరు పాసైన, పెళ్లికాని, కిరణాల భయం లేని నేను కళ్లముందే ఉన్నాను.

మరి వదినకు ఏ పని ఇచ్చారు? అప్పటికి కాయ దిగడం మొదలైంది. చాట్రాయి వైపు నుంచీ, చుట్టుపక్కల తోటల నుంచీ ట్రాక్టర్ల మీద కలెక్టరు రకం మామిడికాయ వచ్చి గొడౌన్ల ముందు బారులు తీరేది. పచ్చికాయను ఎండుగడ్డిలో పేర్చి మాగవెయ్యాలి, నాలుగు రోజుల్లో పండాలి. అందుకు కాయల మధ్య కార్బైడ్ పొట్లాలు పెట్టేవాళ్లు. ఇనప డ్రమ్ముల్లో వచ్చే బూడిదరంగు గడ్డలవి. చిన్న సుత్తితో పగలగొట్టి, పాత పేపరు ముక్కల్లో పొట్లం కట్టాలి. నీడన, గోనెపట్టా మీద కూర్చుని చేసే పని, బరువెత్తేది లేదు, ఎండలో తిరిగేది లేదు. వట్టిమనిషి కాదు గనక తేలిక పని ఇవ్వండి అని మేనేజరు గారిని అడిగింది మేమే. ఆయన ఇచ్చిన తేలిక పని అది. చాలా మంచివారని అమ్మ ఆయన కోసం ప్రార్థన కూడా చేసింది.

అప్పుడు మాలో ఒక్కరికి కూడా, ఒక్కరికంటే ఒక్కరికి కూడా, అందులో తప్పు కనపడలేదు. కార్బైడ్ మాకు కొత్తదా? తిరునాళ్లలో మిఠాయి బండ్ల మీద వెలిగే దీపాలు దానితోనే. గ్యాసు వెల్డింగు షాపుల ముందు తెల్లటి మడ్డి గుట్టలుగా పోసి ఉండేది, పిల్లలం దాని మీద ఎక్కి ఆడుకున్నాం. వేసవి వస్తే మా ఇంట్లోనే మంచం కింద గడ్డి పరిచి రసాలు మాగేసేవాళ్లం, మధ్యలో రెండు పొట్లాలు పెట్టేవాళ్లం, ఆ మంచం మీదే పడుకునేవాళ్లం. చిన్నప్పటి నుంచీ ఇంట్లో తిరిగిన వస్తువును చూసి ఎవరు భయపడతారు? కంప్యూటరు కొత్తది, ఇంగ్లీషుది, తాళం వేసిన గదిలో ఉండేది. మా భయమంతా పట్టుకెళ్లి దాని ముందు పోసేశాం.

వదిన ఆ గొడౌనులో ఆరు వారాలు కూర్చుంది. గడ్డి వేడికీ, కాయ వేడికీ తలుపు తీస్తే ఆవిరి ముఖాన కొట్టేది. పచ్చి వెల్లుల్లి చితక్కొట్టినట్టు ఒక ఘాటు. ఇంటికొచ్చి తల రుద్దుకున్నా ఆ వాసన పోయేది కాదు. వేళ్ల చివర్లు చెమట తగిలి మండి, తెల్లగా పగిలిపోయాయి. ఒక మధ్యాహ్నం అన్నాలప్పుడు క్యారేజీ పట్టుకుని నా చల్లగది గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పకుండా బయటే నిలబడి, "అమ్మాయ్, ఆ వాసన గొంతులో కూర్చుంటందే. తల పగిలిపోతంది. ఇక్కడే బాగుండేది నాకు" అంది. నేను తెర మీంచి కళ్లు తిప్పకుండా, "ఇంకెంతలే వదినా, బిడ్డ కోసమేగా" అన్నాను. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. అలా మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను అదే జవాబు చెప్పాను.

ఏడో నెలలో, కాయ బాగా దిగుతున్న రోజుల్లో, ఓ సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. తోటల్లో కాయంతా రాలిపోతుందని అందరూ బయటికి పరుగెత్తారు. గొడౌను రేకు లేచి, మూత తీసి ఉన్న డ్రమ్ము మీద జల్లు పడింది. కార్బైడుకు నీళ్లు తగిలితే ఏమవుతుందో మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. బుసబుసమంటూ పొంగి, గదంతా తెల్లటి పొగ కమ్మింది. దీపం గానీ బీడీ గానీ వెలగలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ చెప్పడానికి ఎవరూ మిగిలేవాళ్లం కాదు. లోపలున్న ఆడవాళ్లు దగ్గుతూ బయటపడ్డారు. వదిన గుమ్మం దాకా వచ్చి, గోడ పట్టుకుని, వాంతి చేసుకుని, అక్కడే కూలబడిపోయింది. నేను ఏసీ గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆ తడి నేల మీద, పొట్ట రెండు చేతులతో పట్టుకుని ఉంది.

ఊళ్లో చిన్న ఆస్పత్రికి ట్రాక్టరు మీదే తీసుకెళ్లారు. మర్నాడు మధ్యాహ్నానికి కాన్పయింది. ఆడపిల్ల. ఏడవలేదు. అంతకంటే ఆ సంగతి రాయలేను.

అమ్మా అన్నయ్యా బయట వరండాలో ఉన్నారు. నేను వదిన మంచం పక్కన కూర్చున్నాను, వదిన సూదిమందు మత్తులో ఉంది. డాక్టరమ్మ నాడి చూద్దామని వదిన చెయ్యి పట్టుకుని, ఆ వేళ్లు చూసి ఆగిపోయింది. తిప్పి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏంటమ్మా ఇది, ఈ అమ్మాయి వెల్లుల్లి ఏమన్నా నూరుతుందా?" అంది. నేను చాలా తెలివిగలదానిలా, మాకేమీ అజాగ్రత్త లేదన్నట్టు చెప్పాను: లేదండీ, కంప్యూటరు ముందు కూర్చునేదండీ, కిరణాలు మంచివి కావని తెలిసి నాలుగో నెల వెళ్లగానే మాన్పించేశామండీ, అప్పట్నుంచీ కూర్చుని కార్బైడ్ పొట్లాలు కడుతోందండీ.

డాక్టరమ్మ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. కోపం కాదు అది. దిగ్భ్రాంతి. చేతిలోని చేతిని మెల్లగా మంచం మీద పెట్టి, "ఏంటీ, కంప్యూటరు ముందు నుంచి లేపి కార్బైడ్ దగ్గర కూర్చోబెట్టారా?" అంది. అవునన్నట్టు తలూపాను. "ఆ తెర వల్ల బిడ్డకేమీ కాదమ్మా. చల్లటి గదిలో, కుర్చీలో, మధ్యమధ్య లేచి తిరుగుతూ ఉంటే అంతకన్నా మంచి చోటేదీ లేదు ఈ పిల్లకి. ఈ కార్బైడ్ వల్లే పోయిందని నేను ఒట్టేసి చెప్పలేను, వేరే కారణాలుండొచ్చు. కానీ ఇది మంచిది కాదు, దీని పొగ అసలే మంచిది కాదు. మీరు భయపడాల్సింది దేనికి, భయపడింది దేనికి?" అంది. ఇంకో కాన్పు కేసు వస్తే పిలిచారు, వెళ్లిపోయింది.

నేను వరండాలోకి వచ్చాను. అమ్మ నా చేతులు పట్టుకుని, "ఏమందే డాక్టరమ్మ? దానివల్లేనంటా?" అని అడిగింది. దానివల్ల అంటే అమ్మ మనసులో ఏదో నాకు తెలుసు. ఒక్క మాట, కాదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, మరి దేనివల్ల అని అడుగుతుంది. అప్పుడు పేపరు చదివిందెవరు, వాయించిందెవరు, ఆ కుర్చీలో కూర్చున్నదెవరు అన్నీ ఒకదాని వెనకాల ఒకటి బయటికొస్తాయి. నేను, ఏమీ ఖాయంగా చెప్పలేమందమ్మా అన్నాను. అబద్ధం కాదు కదా, ఆవిడ ఆ ముక్క కూడా అంది. అమ్మ గుండెలు బాదుకుని, అనుకున్నానే, ముందే మాన్పించాల్సింది, ఆ మొదటి మూడు నెలల్లోనే కిరణాలు పాకి ఉంటాయి అని ఏడ్చింది. సాయంత్రానికి అది ఆస్పత్రిలో అందరి నోళ్లలోనూ పడింది, ఆదివారానికి చర్చిలో అందరికీ తెలిసిపోయింది, ఆ తర్వాత అదే నిజమై కూర్చుంది.

ఇంటికి తీసుకొచ్చిన మూడో రోజు వదిన గోడవైపు తిరిగి పడుకుని, "మీరందరూ వద్దన్నా నేనే వినలేదు. అదంటే నాకు అంత ఇష్టం లేకపోతే ముందే లేచేదాన్ని. నేనే చేసుకున్నాను" అంది. నేను ఆవిడ కన్నీళ్లు తుడిచాను. తుడిచాను గానీ నోరు తెరవలేదు. ఇరవై రెండేళ్ల పిల్లను, భయపడ్డాను అని సర్దుకుందామని ఎన్నిసార్లో చూశాను. సర్దుకోలేదు మనసు. ఆ మర్నాడు నేను మళ్లీ ఆ చల్లగదికి వెళ్లి, చెప్పులు విడిచి, అదే కుర్చీలో కూర్చున్నానన్నది తలుచుకుంటే ఇప్పటికీ, ఆ మనిషి నేనేనా అని నాకే భయమేస్తుంది.

ఒక్క పని మాత్రం చేశాను. హాజరు పుస్తకాలు అప్పటికీ నా చేతిలోనే ఉండేవి కాబట్టి, కడుపుతో ఉన్న ఏ ఆడమనిషినీ కార్బైడ్ పనిలోకి వెయ్యనిచ్చేదాన్ని కాదు. కాయ ఏరే పనికో, మంచినీళ్ల పనికో మార్చేసేదాన్ని. ఎందుకని అడిగితే కాయ ఏరేవాళ్లు తక్కువయ్యారని చెప్పేదాన్ని. అసలు కారణం చెప్పాలంటే మొత్తం చెప్పాలి. పెళ్లయి వెళ్లిపోయేదాకా మూడు వేసవులు అలా చేశాను, నేను వెళ్లిపోయాక వాళ్ల సంగతి ఎవరు చూశారో తెలియదు.

వదిన మళ్లీ ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుంది. రెండేళ్లకు మళ్లీ నెల తప్పితే, మా అన్నయ్య ముచ్చటపడి కొన్న టీవీ మీద దుప్పటి కప్పి తొమ్మిది నెలలు తియ్యనివ్వలేదు. స్కానింగు చేయాలంటే, తెర ఉంటుందట కదా అని వణికిపోయింది. బలవంతాన పడుకోబెడితే కళ్లు గట్టిగా మూసుకుని, బిడ్డ కనపడుతున్నాడు చూడమ్మా అని వాళ్లు ఎంత చెప్పినా తెరవలేదట. మగపిల్లాడు పుట్టాడు, బాగానే ఉన్నాడు, ఇప్పుడు వాడికీ పిల్లలు. కానీ ఊళ్లో అందరికంటే ముందు కంప్యూటరు నేర్చుకున్న ఆడమనిషి, బ్యాంకుకు వెళితే కౌంటరు వంక కాకుండా గోడ వంక చూస్తూ నిలబడేది. మనవలు ఫోను పట్టుకుని ఒళ్లో కూర్చోబోతే దాన్ని లాక్కుని దూరంగా పెట్టొచ్చేది. ఆ తొలి బిడ్డ పేరు ఎవరూ ఎత్తేవాళ్లం కాదు, పేరంటూ పెట్టలేదు కూడా.

విజయవాడ నుంచి వచ్చిన వారానికి నేను విస్సన్నపేట వెళ్లాను. అన్నయ్య రిటైరయ్యాక వాళ్లు అక్కడే ఇల్లు కట్టుకున్నారు. దారిలో కాయలు మాగబెట్టే కొత్త గొడౌన్లు కనపడ్డాయి. ఇప్పుడు కార్బైడ్ వాడకూడదన్నారు, చల్లటి గదుల్లో పేర్చి ఏదో గ్యాసు కొలిచి వదులుతున్నారు, గది బయట చిన్న తెర మీద అంకెలు వెలుగుతుంటాయి, దాని ముందు ఓ ఆడపిల్ల కూర్చుని ఏదో రాసుకుంటోంది. బస్సు ఆగిన ఆ రెండు నిమిషాలూ ఆ పిల్లనే చూశాను.

అన్నయ్య ముందుగదిలో పేపరు చదువుకుంటున్నాడు. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపిన మనిషి, ఇప్పుడు గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. వదిన వసారాలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక, మొత్తం ఒక్క ఊపున చెప్పేశాను: పేపరులో నేను చదవని వాక్యం, ఆ కుర్చీ మీద నా ఆశ, డాక్టరమ్మ అన్న ప్రతి ముక్కా, వరండాలో నేను అమ్మతో చెప్పింది, చెప్పనిది. తిడుతుందనుకున్నాను. చెయ్యి చేసుకుంటే పడదామనుకున్నాను. వదిన చేతిలోని తువ్వాలు అలాగే పట్టుకుని, నా వంక కాకుండా ఎటో చూస్తూ, "అయితే నా ఉద్యోగం వల్ల కాదన్నమాట" అంది.

తర్వాత లేచి ముందుగదిలోకి వెళ్లింది. "ఏవండీ, అప్పుడు మన పిల్ల పోయింది నా ఉద్యోగం వల్ల కాదంట!" అని చెప్పడం వినపడింది. అన్నయ్య ఏంటీ అన్నాడు. మళ్లీ చెప్పింది. మళ్లీ ఏంటీ అన్నాడు. మూడోసారి వీధిలోవాళ్లకు కూడా వినపడేలా అరిచి చెప్పింది. పేపరు మడిచిన చప్పుడైంది.

"నీవల్లని నేనెప్పుడన్నాను?" అన్నాడు అన్నయ్య.

"మీరన్లేదు. నేననుకున్నాను."

"ఇన్నేళ్లూనా?"

"ఇన్నేళ్లూ."

నేను వసారాలో ఆ బట్టల మధ్య కూర్చునే ఉన్నాను. ఇప్పటి పిల్లలు అనుమానం వస్తే అప్పటికప్పుడు అడిగేస్తున్నారు, అడిగినదానికి జవాబు చెప్పేవాళ్లు కూడా దొరుకుతున్నారు, నా కోడలు జవాబు విని నవ్వుకుని మర్నాడు మామూలుగా పనిలో కూర్చుంది. మాకు అడగడం తెలియదు, సంగతి తెలిసిన ఒక్కదాన్ని నేను, నేనూ చెప్పలేదు. డాక్టరమ్మ మా వదిన కోసం చెప్పిన మాట, ఒక్క నిమిషం పట్టే మాట, ఆవిడ వయసంతా అయిపోయాక ఆవిడకు అందింది.